బానెట్ కింద బొట్టు

"ఆస్ట్రేలియాకి వచ్చాక ఒకే ఓనరు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నా దగ్గరే ఉంది. ఒక్క రోజు కూడా వానలో నిలబెట్టలేదు." ఆదివారం పొద్దున పెసరట్టు తింటుంటే మా ఆవిడ ఫోను తెచ్చి నా కంచం పక్కన పెట్టింది. అమ్మకం ప్రకటన. ఫొటోలో ముదురాకుపచ్చ మస్టాంగ్ కారు, అరవైల నాటిది. ఆ మూడు వాక్యాలూ చదివి నేను రెండో దాని దగ్గర ఆగిపోయాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు దగ్గర పెట్టుకున్న కారుని ఒక మనిషి ఇప్పుడెందుకు అమ్ముతున్నాడు?

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఇరవై మూడేళ్ళుగా ఇదే పని. ఎవరో నెలల తరబడి కూర్చుని రాసిన ప్రోగ్రాం నా ముందుకొస్తే అది బాగుందని చెప్పడం నా ఉద్యోగం కాదు, ఎక్కడ కూలుతుందో చూపించడం నా ఉద్యోగం. ఆఫీసులో దీనికి జీతమిస్తారు. ఇంట్లో ఎవరూ ఇవ్వకపోయినా చేస్తూనే ఉంటాను. సిడ్నీ శివార్లలో, స్కోఫీల్డ్స్‌లో ఈ ఇల్లు చేతికొచ్చిన రోజు అందరూ పాలు పొంగిస్తుంటే నేను రసమట్టం పట్టుకుని గోడలన్నీ కొలిచాను. మా అమ్మాయి యూనివర్సిటీ నుంచి ఎప్పుడైనా ఒక స్నేహితురాలిని తీసుకొస్తే ఆ పిల్ల చెప్పులు విప్పేలోపు నాలుగు ప్రశ్నలు అడుగుతాను. "డాడ్, దిస్ ఈజ్ నాట్ ఎ జాబ్ ఇంటర్వ్యూ" అంటుంది మా అమ్మాయి. తెలుగు అర్థమవుతుంది గానీ దానికి నోట్లోంచి రాదు.

మా ఆవిడ ఒక ఆస్పత్రిలో జీతాల విభాగంలో పనిచేస్తుంది. పెళ్ళయి ఇరవై ఏడేళ్ళు. ఇన్నేళ్ళలో తనకోసమంటూ పెద్ద వస్తువు ఏదీ అడగలేదు. కారు కావాలనడం ఒక వింతయితే, అలాంటి కారు కావాలనడం ఇంకో వింత. మా వెండిరంగు ఫ్యామిలీ కారు పంతొమ్మిదేళ్ళుగా తనే నడుపుతోంది. స్కూలు, సంగీతం క్లాసు, కూరగాయలు, హెలెన్స్‌బర్గ్ గుడి, అన్నీ అందులోనే. ఈ దేశంలో నేర్చుకున్న డ్రైవింగే. నేర్పింది ఒక ఇన్‌స్ట్రక్టరు. తర్వాత పక్క సీట్లో కూర్చుని పంతొమ్మిదేళ్ళు "బ్రేక్, బ్రేక్" అన్నది నేను.

"ఎందుకు కావాలి?" అని అడిగాను.

"మన స్టేషన్ పార్కింగ్‌లో ఒకసారి ఒకావిడ దిగింది ఇలాంటి కారులోంచి. డెబ్భై ఏళ్ళుంటాయేమో. తెల్ల జుట్టు, కాళ్ళకి హవాయి చెప్పులు. ఉల్లికాడల కట్ట ఒకటి పట్టుకుని దిగి, తాళం వేసి, నడుచుకుంటూ వెళ్ళిపోయింది. అంతే. అప్పటినుంచీ నాకూ కావాలనిపించింది."

అంతే అంటే నేను ఊరుకుంటానా. ఎప్పుడు చూశావు, ఎన్నాళ్ళయింది, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు అని అడుగుతూ పోయాను. తను పెసరట్టు తుంచుకుంటూ, "చూద్దాం పదండి, చూడ్డానికేం" అంది. ఆ వారమంతా రాత్రి భోజనం వేళల్లో ఇద్దరం ఈ కార్ల గురించి చదివాం. తను ఫొటోలు చూసేది. నేను మోసాలు చదివేవాణ్ణి. తుప్పు పట్టిన చోట లప్పం మెత్తి పైన రంగు కొడతారు. మామూలు ఇంజిన్ కారుకి ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ దించి, పుట్టుకతోనే అంత అంటారు. అమెరికాలో వరదలో మునిగిన బండిని ఓడెక్కించి తెచ్చి ఇక్కడ తుడిచి అమ్ముతారు. ఎడమ చేతి స్టీరింగుని కుడి వైపుకి మార్పించి, ఆ పని ఎవరు చేశారో కాగితం చూపించరు. చదివిన కొద్దీ నాకు హుషారొచ్చింది. నలభై ఒక్క ప్రశ్నలతో ఒక జాబితా తయారుచేశాను.

ముందు పోలికకి ఉంటుందని హైవే పక్కన కార్లమ్మే ఒక షెడ్డుకి వెళ్ళాం. పాతవి ఒక వరస, కొత్తవి ఒక వరస. కొత్త అమెరికన్ కార్లు ఎర్రగా, నల్లగా, దీపాల కింద మెరుస్తున్నాయి. అక్కడి సేల్స్‌మన్ నా చెయ్యి పట్టుకుని ఊపి, నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, "వినండి సార్" అని ఇంజిన్ ఆన్ చేశాడు. మా ఆవిడని వెనక సీట్లోకి పంపాడు. ఆ సీట్లో మనిషి కాళ్ళు పట్టవు. తను మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుని, కొనేది తనే అని రెండుసార్లు చెప్పింది. అతను రెండుసార్లూ నవ్వి నాకే జవాబు చెప్పాడు. ఆ నవ్వులో నాకు మోసం కనపడింది. మా ఆవిడకి అంతకంటే మామూలు విషయమే కనపడినట్టుంది. బయటికొచ్చి, "ఆ పెద్దాయన దగ్గరికే వెళ్దాం" అంది. ఆ ప్రకటన ఇచ్చింది పెద్దాయన అని తనకెలా తెలుసో నేను అడగలేదు. నలభై ఒక్క ప్రశ్నల్లో అది లేదు.

శనివారం బయల్దేరే ముందు ఫ్రిజ్ మీంచి ఒక మాగ్నెట్ తీసి జేబులో వేసుకున్నాను. ఇనుప రేకు మీద మాగ్నెట్ అతుక్కుంటుంది, లప్పం మెత్తిన చోట జారిపోతుంది, అదీ కిటుకు. మా ఫ్రిజ్ మీద అన్నిటికంటే గట్టిది తిరుపతి నుంచి తెచ్చిన వెంకటేశ్వరస్వామి మాగ్నెట్. కారుకి గీత పడకుండా ఉండాలని స్వామికి వెనకాల పాత బనీను గుడ్డ ముక్క అతికించాను. మా ఆవిడ చూసి, తాళాలు తీసుకుని బయటికి నడిచింది.

ఆయన ఇల్లు మాకు పదిహేను నిమిషాల దూరం. చుట్టూ అన్నీ మనవాళ్ళు కట్టుకున్న కొత్త రెండంతస్తుల ఇళ్ళు. మధ్యలో ఆయనదొక్కటే పాత చెక్క ఇల్లు, వెనక రేకుల షెడ్డు. చుట్టుపక్కల పొలాలన్నీ ప్లాట్లు చేసి అమ్మేసుకుంటే ఆయనొక్కడే నిలబడ్డాడట. ఇప్పుడు మోకాళ్ళు బాగా లేక ఉత్తరాన సముద్రం పక్కన ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడట. అక్కడ కారు పెట్టుకునే చోటు లేదట. అన్నిటికీ ట పెడుతున్నాను, ఎందుకంటే ఆ రోజు ఆయన చెప్పినవాటిలో దేన్నీ నేను నమ్మలేదు. ధర కూడా ఇలాంటి కార్లకి ఉండాల్సిన దానికంటే కాస్త తక్కువే. తక్కువ ధర చూస్తే అందరికీ సంతోషమేస్తుంది, నాకు అనుమానమేస్తుంది.

ఆయన ఎనభైకి దగ్గరగా ఉన్నాడు. పొట్టి నిక్కరు, నూనె మరకల చొక్కా. టీ తెచ్చిచ్చాడు. మా ఆవిడ కప్పు తన చేతికిచ్చి, నన్ను మాత్రం చక్కెర ఎన్ని చెంచాలని అడిగాడు. తను పదేళ్ళుగా చక్కెర వేసుకోదు. ఇది ఇప్పుడు రాస్తుంటే నాకు సిగ్గేస్తోంది. ఇరవై మూడేళ్ళు టెస్టర్‌గా పనిచేసినవాణ్ణి, నా కళ్ళ ముందు జరిగిన దాన్ని పట్టుకోలేకపోయాను. అప్పుడు నా చూపంతా కారు మీదే ఉంది.

కారు అందంగా ఉంది, అది ఒప్పుకోవాలి. నేను స్వామిని పట్టుకుని తలుపులు, డిక్కీ, చక్రాల పైన రేకులు, అన్నీ తడుముకుంటూ వెళ్ళాను. ఎడమ వెనక చక్రం పైన స్వామి జారాడు. "ఇక్కడ లప్పం ఉంది" అన్నాను, దొంగని పట్టుకున్న పోలీసు గొంతుతో.

"అవును. నా భార్య రివర్స్ చేస్తూ ఉత్తరాల డబ్బాకి గుద్దింది" అన్నాడాయన. తర్వాత నా చేతిలోకి చూసి, "ఆ పెద్దమనిషి ఎవరు?" అని అడిగాడు. మా దేవుడని చెప్పాను. ఆయన తలూపి, "మంచి ఇన్‌స్పెక్టర్నే తెచ్చుకున్నావు మేట్" అన్నాడు. మా ఆవిడ నవ్వింది. ఆయనతో కలిసి నవ్వింది. అదీ నాకు నచ్చలేదు.

తర్వాత బానెట్ తెరిచాడు. ఇంజిన్ నంబరు చూద్దామని వంగాను. బానెట్ మూతకి లోపలి వైపు, సరిగ్గా మధ్యలో, పసుపు రాసి ఉంది. దాని మీద మూడు కుంకుమ బొట్లు. పసుపు ఒక్కసారి రాసింది కాదు, పాతదాని మీద కొత్తది, పొరలు పొరలుగా ఉంది. చుట్టూ రేకంతా తళతళలాడుతోంది, అంటే తుడిచినవాడు దాన్ని వదిలేసి తుడిచాడన్నమాట.

దొరికాడు అనుకున్నాను. కారుకి బొట్టు ఎవరు పెడతారు? మనవాళ్ళు. ఎప్పుడు పెడతారు? కొన్న రోజు, గుడి ముందు నిలబెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి. అంటే ఈ కారుని మనవాడొకడు కొన్నాడు. కొని కొన్నేళ్ళు నడిపాడు. ఏదో అయింది, ఏ యాక్సిడెంటో. ఈయన దాన్ని మళ్ళీ చవగ్గా తీసుకుని, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నా దగ్గరే ఉందని రాస్తున్నాడు. కథ మొత్తం నా బుర్రలో నిమిషంలో తయారైపోయింది.

"ఈ కారు ఇంకెవరి పేరు మీదైనా ఎప్పుడైనా ఉందా?" అని అడిగాను.

"లేదు."

"మధ్యలో ఒక్క ఏడాదైనా?"

"లేదు."

"ఖచ్చితంగా?" మా పనిలో ఒకే ప్రశ్న మూడుసార్లు వేస్తాం, జవాబు మారుతుందేమోనని. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని తెలుగులో, "ఏవండీ, వద్దు. నేను తర్వాత చెప్తాను" అంది. తను భయపడుతోందనుకున్నాను. ఆపమన్న కొద్దీ ఎక్కువయ్యే రకం నేను.

"ఇది ఏంటో నాకు తెలుసు" అని బొట్టు వైపు వేలు చూపించాను. "మా వాళ్ళు కారు కొన్న రోజు పెట్టే గుర్తు ఇది. అంటే మీ దగ్గర్నుంచి ఎవరో ఒకసారి కొన్నారు. మీరు అబద్ధం రాశారు. కారుకి ఏమైందో నిజం చెప్తే మాట్లాడుకుందాం."

ఆయన జేబులోంచి గుడ్డ తీసి చేతులు తుడుచుకున్నాడు. బానెట్‌ని రెండు చేతులతో మెల్లగా దించి మూశాడు. "మీ టీ తాగేసి వెళ్ళండి" అన్నాడు నాతో. మా ఆవిడ వైపు తిరిగి, ఇక్కడి పెద్దవాళ్ళు ఏ ఆడమనిషితోనైనా అనే తీరులో "సారీ లవ్" అని లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన కళ్ళు చూశాను. దొరికిపోయినవాడి కళ్ళు కావవి, నేను ఆఫీసులో చాలామందిని చూశాను కాబట్టి నాకా తేడా తెలుసు. తెలిసి కూడా గేటు వైపు నడిచాను.

గేటు దాటుతుంటే పక్కింటి కంచె అవతల్నుంచి ఒకావిడ పిలిచింది. కొడుకు దగ్గర ఉండే పెద్దావిడ, కరీంనగర్ వైపు మనిషట. చేతిలో మెంతికూర.

"ఏం బిడ్డా, గప్పుడే పోతున్నరా? బేరం కుదురలేదా?" అని మా ఆవిడని అడిగింది. నన్ను ఎగాదిగా చూసి, "మీ ఆయననా? మొన్న నువ్వు ఒక్కదానివే వచ్చినవ్ గదా. ఇద్దరు కూసొని చాయ్ తాగుతుంటె జూసిన."

నేను మా ఆవిడ వైపు చూశాను. తను మెంతికూర వైపు చూస్తోంది. అయినా నా బుర్ర ముందు పట్టిన దాన్ని వదల్లేదు. ఆ కారుకి బొట్టు ఎవరు పెట్టారని అడిగాను.

"గా బొట్టా? నేనే పెట్టిన. దసరానాడు మా బండ్లకు పెడుతుంటే ఆయన గీ కంచె కాడ నిలబడి చూస్తుండె. నా బండికి గూడ పెడ్తవా అని అడిగిండట, మా కోడలు చెప్పింది. గప్పుడు ఆయన భార్య దవాఖాన్ల ఉండె. మంచిదే గదా అని పోయి పెట్టిన. ఆమె బతకలే. అయినా గానీ ఏటేటా దసరాకు బానెట్ తెరిచి పెట్టుకుంటడు. నేను పోయి పెట్టొస్త."

దసరా. ఆయుధపూజ. ప్రతి ఏడూ మా ఇంట్లో కారుకి, గడ్డి కోసే మిషనుకి, కుట్టుమిషనుకి బొట్టు పెట్టేది నేనే. నా ఆఫీసు ల్యాప్‌టాప్ మూతకి కూడా పెట్టుకుని, సోమవారం మీటింగులో కుంకుమ రాలితే గబగబా తుడుచుకునేది నేనే. కొత్తగా కొన్నవాటికే బొట్టు పెడతామని ఆ షెడ్డులో ఎంత గట్టిగా నమ్మానో తలుచుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది.

కారెక్కాం. తనే నడిపింది. నేను బ్రేక్ అనలేదు.

"ఎన్నిసార్లు వచ్చావు?" అని అడిగాను రెండు సిగ్నళ్ళు దాటాక.

"మూడుసార్లు. మీకు ఫోనులో చూపించక ముందు."

"లప్పం సంగతి?"

"మొదటి రోజే చూపించాడు. డ్రైవర్ కాళ్ళ కింద తుప్పుకి అతుకేశారు, అదీ చూపించాడు. స్టీరింగు మార్పించిన కాగితాలు చూపించాడు. బొట్టు కథ కూడా చెప్పాడు, చెప్తూ ఏడ్చాడు. మీరు చూడని తుప్పు కూడా నాకు తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

ఆ ప్రశ్న అడిగినప్పుడు నా గొంతులో కోపమే ఉంది. మోసపోయింది నేనేనన్న కోపం. తను ఇండికేటర్ వేసి, మా వీధిలోకి తిప్పి, గరాజు ముందు ఆపి, తాళం తీసి అప్పుడు చెప్పింది.

"మీకు చెప్తే ఆ రోజే అయిపోయేది. చీరైనా, ఇల్లైనా, అమ్మాయి స్నేహితులైనా, నాకు నచ్చిందని నేను అనేలోపే మీరు దాంట్లో తప్పు చూపిస్తారు. ఆ తప్పు నిజమే అయ్యుంటుంది, కాదనను. కానీ దీన్నొక్కదాన్నీ ఒక మూడు వారాలు నా ఇష్టానికి ఇష్టపడదామనుకున్నాను."

తను లోపలికి వెళ్ళిపోయింది. నేను కారులోనే కూర్చున్నాను. ఇన్నేళ్ళూ అందరూ నా దగ్గర దాస్తున్నారని అనుమానపడుతూ బతికాను. దాస్తున్న మాట నిజమేనని, దాచేలా చేసింది నేనేనని ఆ గరాజు ముందు తెలిసింది. చాలా బాధేసింది. మర్నాడే వెళ్ళి ఆయనకి సారీ చెప్పాలనుకున్నాను. కానీ అభిమానం అడ్డొచ్చింది, పని ఉందని నాకు నేనే చెప్పుకున్నాను. ఆరు రోజులు గడిచిపోయాయి.

తర్వాతి శుక్రవారం ఆఫీసు నుంచి తొందరగా బయటపడి అటే వెళ్ళాను. షెడ్డు ఖాళీగా ఉంది. నేల మీద నూనె మరక ఒక్కటే మిగిలింది. ఎంత తలుపు కొట్టినా ఎవరూ తీయలేదు. కంచె అవతల్నుంచి ఆ పెద్దావిడే చెప్పింది.

"డాక్టరు కాడికి పోయిండు. బండి నిన్ననే అమ్ముడువోయింది. మెల్‌బోర్న్‌ల ట్రుగనీనా అంట, ఆడికెల్లి వచ్చిండు. మనోడే. బానెట్ తెరిచి బొట్టు జూసి నవ్విండు. మనోళ్ళ చెయ్యి ముందే పడ్డది, ఇగ నేను చూసేదేముంది అన్నడు. తీస్కపోయిండు."

అదే బొట్టు. చూసింది కూడా ఒక తెలుగువాడే. ఆ కంచె పట్టుకుని నిలబడి ముక్కూమొహం తెలియని ఆ మనిషి మీద నేను అసూయపడ్డాను. కారు దొరికినందుకు కాదు.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. తను కరివేపాకు దూస్తూ, "తెలుసు" అంది. "బుధవారం నాకు ఫోన్ చేశాడు, నీకోసం ఉంచమంటావా అని. నేనే వద్దన్నాను."

"ఎందుకు? నేను చేసిన దానికా?"

"కాదు. ఇంటికి తెచ్చుకుంటే మీరు రోజూ దాన్ని వింటూ కూర్చుంటారు. ఆ శబ్దం ఏంటి, ఈ శబ్దం ఏంటి అని. నాకు కావాల్సింది ఆ శబ్దమేనండీ."

మర్నాడు ఆ పెద్దాయనకి సారీ చెబుతూ ఒక ఉత్తరం రాసి, తలుపు కింద నుంచి తోసి వచ్చాను. దానికి బదులు రాలేదు. ఇంటి ముందు ఇప్పుడు అమ్మకం బోర్డు ఉంది.

మొన్న దసరాకి గరాజు ముందు వెండిరంగు కారు కడిగి, పసుపు కుంకుమ తెచ్చాను. బానెట్ పైన కాకుండా తెరిచి లోపల పెట్టాను. మా ఆవిడ చూసింది. హారతి పళ్ళెం అందుకుంటూ తన ఫోను కారు పైన పెట్టింది. అప్పుడే దాని తెర వెలిగింది. ఎర్ర కారు, పాతది, పొడుగు ముక్కుది. కింద ఎవరిదో మెసేజు. స్టీరింగు ఎడమ వైపే ఉంది, మార్పించలేదు. వెనక బంపరు కాస్త ఒరిగినట్టుంది. ఎవరిది, ఎక్కడ, ఎన్నాళ్ళుగా, ఎందుకు అమ్ముతున్నాడు, అన్నీ నా నాలుక చివరిదాకా వచ్చాయి.

తను నన్ను చూసింది. ఫోను తీసి బోర్లా పెట్టింది. నేను అగ్గిపెట్టె కోసమని లోపలికి వెళ్ళాను. నిజానికి అగ్గిపెట్టె నా జేబులోనే ఉంది.

గురువారాలు తను ఒక గంట ఆలస్యంగా వస్తోంది. వచ్చినప్పుడు చేతులకి పెట్రోలు వాసన ఉంటోంది. ఆ ఎర్ర కారు దగ్గరికేనా అని నేను అడగలేదు. ఇది రెండో వారం.